పంపుల గదిలో కీచురాళ్ళు

ఊరికి నీళ్ళు తోడే చోటు. గోడకి అవతల నాలుగు పంపులు, ఇవతల చిన్న గది, ఒక బల్ల, దాని మీద కంప్యూటరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడ కూర్చునే పంపు బాబాయ్. మూడు వారాల కిందట వచ్చిన శబ్దాల అమ్మాయి.

“...అది కాదు బాబాయ్, మీరు నా మాట వినడం లేదు.”

“వింటున్నానమ్మా. మొహం ఇటు పెట్టి చెప్పు, వింటాను.”

“ఇందాకటి నుంచి అదే చెప్తున్నా. మూడింటికి పెద్దసారు వస్తారు. ఆయన ముందు నేను కంప్యూటర్లో ఒక కీచురాయిని ఆపేస్తాను. ఏది ఆగిందో మీరు చెప్పాలి. అంతే పరీక్ష. అబ్బ, గొంతు ఎండిపోయింది. ఈ నీళ్ళు తాగేస్తున్నా.”

“ఆ... ఆ గ్లాసు...”

“ఏం, ఎంగిలా?”

“ఎంగిలి కాదు. పొద్దుటివి. దుమ్ము పడి ఉంటుంది.”

“పడితే పడనీండి. ఊఁ, అయిపోయాయి. ఏంటి బాబాయ్ అలా చూస్తారు, మీ ఆస్తేదో మింగేసినట్టు?”

“ఏం లేదులే. ఆ డబ్బా ఇటు వంచు, మళ్ళీ పోసి పెడదాం.”

“డబ్బా పొద్దున్నే ఖాళీ. నీళ్ళవాడు సాయంత్రం గానీ రాడట. ఊరందరికీ నీళ్ళు తోడే చోట తాగడానికి చుక్క లేదు చూడండి.”

“బయట కుళాయి ఉంది.”

“మళ్ళీ దాహమైతే వెళ్తాలెండి.”

“దాహానికి కాదు. బల్ల మీద గ్లాసు... ఊరికే, నిండుగా ఉంటే బాగుంటుంది.”

“కూర్చోండి బాబాయ్. మీరు లేచారంటే అటు గంట, ఇటు గంట. నిన్న నేను రెండు గంటలు పడుకున్నా. నాకు ఓపిక లేదు. ఒక్కసారి మొదట్నుంచీ చెప్పండి, పెద్దసారు అడిగితే. ఈ కంప్యూటరు మీతో ఎలా మాట్లాడుతుంది?”

“చెప్పాగా. నాలుగు పంపులు, నాలుగు కీచురాళ్ళు. ఒంట్లో బాగున్నంతసేపూ పాడుతుంటాయి. ఏ పంపుకి నలత చేస్తే దాని కీచురాయి నోరు మూస్తుంది.”

“ఎందుకలా పెట్టాం?”

“చేలో కీచురాళ్ళు అంతే కదా. మనిషి అడుగు పడగానే టక్కున ఆపేస్తాయి. ఆ నిశ్శబ్దానికే మనిషి ఉలిక్కిపడతాడు. ఎవరూ అరిచి చెప్పక్కర్లేదు. తెర చూడక్కర్లేదు. ఇదంతా నువ్వు చెప్పిందే కదమ్మా, నాతో మళ్ళీ ఎందుకు చెప్పిస్తావు?”

“మీరు చెప్తే పెద్దసారుకి ఎక్కుతుంది. ఇలాగే చెప్పండి. పాత కంప్యూటరు సంగతి కూడా.”

“అదొక రాక్షసి. బూర ఊదినట్టు ఊదేది. తలుపు తీస్తే బూర, తలుపు వేస్తే బూర. ఏ బూర దేనికో చూసేసరికి ఇంకోటి. మా రెంచిగాడు ఓ రోజు దాని స్పీకర్లో గుడ్డలు కుక్కేశాడు.”

“ఆ రెంచిగారు ఎక్కడ ఇప్పుడు? నేనెప్పుడూ చూడలేదు.”

“రోజూ చూస్తున్నావు. గేటు దగ్గర.”

“ఆయనా! గేటు దగ్గరేం చేస్తారు?”

“లారీ వస్తే తీస్తాడు. పోతే వేస్తాడు. మధ్యలో వాడు గేటుని చూస్తుంటాడు, గేటు వాణ్ణి చూస్తుంటుంది. ఇరవై ఆరేళ్ళు పంపులు విప్పి బిగించినవాడు.”

“మరెందుకు అక్కడ?”

“చెవుల పరీక్షలో పోయాడు. చెవి లేనివాడు పంపుల గదిలో ఉండకూడదని పెద్దసారే రాసి పంపేశాడు. వాడి స్టూలు కూడా వాడితో పాటే గేటుకి పంపించేశారు. సరే గానీ అమ్మాయ్, ఒకటడుగుతా. మూడింటికి నువ్వు ఆపేది పంపునా, కీచురాయినా?”

“కీచురాయినే. పంపు ఎందుకాపుతాం, ఊళ్ళో నీళ్ళు ఆగిపోవూ?”

“అంటే ఉత్తుత్తి నలత.”

“ఉత్తుత్తిదే.”

“పంపు మామూలుగానే తిరుగుతుంటుంది.”

“తిరుగుతుంటుంది.”

“నిజంగానే ఒక్క నిమిషం పంపు ఆపేస్తే పోలా? ఒక్కటంటే ఒక్క నిమిషం. స్నానం చేసేవాడెవడో కాసేపు సబ్బుతో నిలబడతాడు, అంతేగా.”

“బాబాయ్.”

“పరీక్షన్నాక నిజంగా ఉండాలి కదమ్మా.”

“మీకెందుకింత పట్టుదల? మూడు వారాల్లో మీ షిఫ్టులో అయిదు తేడాలొచ్చాయి, అయిదూ పట్టారు. అదీ కంప్యూటరు కనుక్కోకముందే! ఎలాగో మా ఆఫీసులో ఎవరికీ అంతుబట్టలేదు. చివరికి అదంతా నా పనితనమే అనుకున్నారు. నేనూ అనుకున్నా.”

“పనితనమే మరి. ఎంత బాగా పాడతాయమ్మా నీ కీచురాళ్ళు! చెవికి చల్లగా ఉంటుంది.”

“ఇప్పుడు పాడుతున్నాయా?”

“ఆ... పాడుతున్నాయిగా. హాయిగా.”

“నాలుగూ?”

“నాలుగూ.”

“బాబాయ్.”

“ఊఁ.”

“రెండోదాన్ని ఆపి అయిదు నిమిషాలైంది. మీరు గేటు సంగతి చెప్తుండగా నొక్కాను, ఊరికే, ముందొకసారి చూద్దామని.”

“అదా... నీతో మాటల్లో పడ్డాను కదా. మాటల్లో పడితే ఎవరికైనా...”

“సరే, మాట్లాడను. మళ్ళీ నాలుగూ పెట్టాను. వినండి. ఇప్పుడు ఒకటి ఆపుతున్నా. ఏది ఆగింది?”

“రెండోది.”

“రెండోది పాడుతోంది.”

“మూడోది.”

“లాటరీ కాదు బాబాయ్.”

“చెవిలో గుబిలి ఉందమ్మా. పొద్దున తలస్నానం చేశాను, నీళ్ళు దిగినట్టున్నాయి.”

“నాలుగూ పెట్టేశాను, వదిలెయ్యండి. ఒక్కసారి అటు గోడ వైపు తిరగండి.”

“ఎందుకు?”

“తిరగండి, చెప్తా.”

“ఇదిగో, తిరిగా.”

“బాబాయ్... పంపు బాబాయ్... మీ కాలి దగ్గర పాముంది.”

“...”

“రెండు పాములు. ఒకదానికి కళ్ళజోడు కూడా ఉంది.”

“...”

“భుజం తట్టింది నేనే. ఇటు తిరగండి.”

“పిలిచావా?”

“పామని కూడా అన్నాను.”

“ఓహో.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏది?”

“బాబాయ్, నాకు నిజంగా ఓపిక లేదు.”

“నాకూ లేదులే తల్లీ. పూర్తిగా పోలేదు. లావు గొంతులు వినపడతాయి. లారీ వినపడుతుంది, ఉరుము వినపడుతుంది. ఎదురుగా కూర్చుంటే నీ మాట సగం వింటా, సగం నీ పెదాల మీద చూస్తా. సన్నవే పోయాయి. ఫోను మోత, కుక్కరు ఈల, పిట్టలు, మా మనవరాలి నవ్వు. ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి, చెప్పి వెళ్ళలేదు. పిట్టలు ఈ ఊరొదిలి పోయాయేమో అనుకున్నాను చాన్నాళ్ళు.”

“ఇంట్లో ఎలా మరి?”

“మీ పిన్ని నన్ను పిలవడం మానేసి ఎనిమిదేళ్ళు. లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించిందంటే అన్నానికి రమ్మని. మూడుసార్లయితే కోపమొచ్చిందని.”

“నాలుగుసార్లయితే?”

“కరెంటు సరిగ్గా లేదని.”

“నవ్వించకండి, తల నొప్పిగా ఉంది. మరి చెవుల పరీక్ష మీకూ పెట్టారుగా? మీరెలా గట్టెక్కారు?”

“నర్సమ్మ బొత్తాం నొక్కినప్పుడల్లా ఆవిడ భుజం ఇంత కదిలేది. భుజం కదిలితే చెయ్యెత్తాను. రెంచిగాడు నిజాయితీగా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పోయాడు.”

“భుజం.”

“కుడి భుజం.”

“మరి కీచురాళ్ళే కావాలని ఎందుకన్నారు బాబాయ్? మొదటిరోజు మూడు రకాలు వినిపించాను. పావురాలు, కప్పలు, కీచురాళ్ళు. మీ షిఫ్టుల వాళ్ళందరూ, పెద్దసారూ, ఒక్క గొంతుతో కీచురాళ్ళన్నారు. కప్పలు పెడితే పెద్దసారు చెవులు మూసుకుని ‘ఆపమ్మా ఆ గోల’ అన్నారు.”

“నిజం చెప్పమంటావా?”

“ఇంకేం మిగిలింది, చెప్పండి.”

“పావురాలు పెట్టావు, తల దిమ్మెక్కింది. కప్పలు పెట్టావు, కడుపులో తిప్పింది. ఏళ్ళ తరబడి ఈ మోతలో కూర్చున్నవాళ్ళం తల్లీ. ఇంకో చప్పుడంటే ఒంటికి పడదు. ఆ తర్వాత ఉన్నట్టుండి గదంతా చల్లబడింది. ఇదే, ఇదే కావాలి అన్నాం.”

“అంటే, అప్పుడు కీచురాళ్ళు...”

“నువ్వింకా మొదలెట్టలేదనుకున్నాను... ఏమ్మా, ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?”

“తెలీడం లేదు. నాలుగు నెలలు బాబాయ్! నాలుగు నెలలు మైకు పట్టుకుని గట్ల మీద తిరిగాను. దోమలు పీక్కుతిన్నాయి. ఒక్కో పంపుకి ఒక్కో గొంతు ఏరి తెచ్చాను.”

“మంచివే ఏరి ఉంటావు.”

“ఏరి ఉంటానా! సరే, అదలా ఉంచండి. వినపడనప్పుడు ఆ అయిదు తేడాలూ ఎలా పట్టారు?”

“అదే నువ్వు తాగేశావు.”

“ఏంటి?”

“గ్లాసు. ఆ గ్లాసులో నీళ్ళు తాగడానికి కాదమ్మా. బల్ల మూల గుండ్రటి మరక ఉంది చూడు, దాని మీదే పెట్టాలి, ఇటు వేలెడు జరిగినా పనికిరాదు. నాలుగూ బాగుంటే నీళ్ళు నిద్రపోయే పిల్లాడి పొట్టలా సన్నగా ఆడుతుంటాయి. ఒకటోది వేడెక్కితే అంచు చుట్టూ చిరచిరలాడతాయి. రెండోదైతే అంతా ఒక పక్కకే వణుకుతుంది. మూడోది నీళ్ళతో పాటు గాలి లాగిందంటే నడిమధ్యలో గుంట పడుతుంది, కందిగింజంత.”

“నాలుగోది?”

“అది మంచి పంపు, పాపం. దాని వల్ల ఏ గొడవా లేదు.”

“ఎవరు నేర్పారు మీకు?”

“నేర్పడమేముంది. ముందు కూర్చున్నవాడు పెట్టేవాడు, పక్కనున్నవాడు చూసేవాడు. ఈ పక్క స్టూలు మీద పన్నెండేళ్ళు పెద్దసారే కూర్చున్నాడు. అప్పట్లో ఏరా అంటే ఏరా అనుకునేవాళ్ళం. వాడికి... ఆయనకి చదువుంది, పైకెళ్ళాడు. నాకు లేదు, ఉండిపోయాను. ఇప్పుడు సార్ అంటున్నాను.”

“మిగతా షిఫ్టుల వాళ్ళు?”

“గ్లాసు నా ఒక్కడిదే అనుకున్నావా?”

“మరి నా కంప్యూటరు?”

“ఉందిగా, పక్కనే. ఎవరూ దాన్నేం అనరు.”

“మా ఆఫీసు గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసుకున్నాం బాబాయ్. మనిషి కంప్యూటరుతో మాట్లాడటం గాలి పీల్చినంత తేలిగ్గా ఉండాలని. చెట్టూ పుట్టా, నీళ్ళూ పురుగులూ ఎలా చెప్తాయో అలా చెప్పాలని. ఇది కూడా పోతే మా జట్టుని ఎత్తేస్తారు. ఇప్పటికే రెండు పోయాయి.”

“ఏమిటా రెండు?”

“ఒకటి ఇసుక. పళ్ళెంలో ఇసుక పోసి వేలితో రాస్తే కంప్యూటరు చదివేది.”

“బాగానే ఉందే.”

“ఆఫీసు పిల్లి దాన్ని వేరే పనికి వాడుకుంది.”

“రెండోది?”

“అత్తిపత్తి ఆకులాంటిది. ఏదైనా చెరిపేస్తే ముడుచుకుంటుంది, మనసు నొచ్చుకున్నట్టు. చెరిపేముందు మనిషి ఆలోచిస్తాడని. ముడుచుకోవడం ముద్దుగా ఉందని అందరూ ఉన్నవన్నీ చెరిపేశారు.”

“అయ్యో.”

“అలిసిపోయాను బాబాయ్.”

“నేను మాత్రం! ఈ కుర్చీ పోతే నేనూ గేటు పక్కకే. రెంచిగాణ్ణి చూస్తూ, వాడు నన్ను చూస్తూ. ఇరవై ఆరేళ్ళు మాట్లాడుకున్నాం, ఇప్పుడు వాడిది నాకు వినపడదు, నాది వాడికి వినపడదు. ఒక పని చేద్దామా?”

“ఏంటి?”

“నువ్వు ఆపేది ఒకటోదైతే ముక్కు గోక్కో. రెండోదైతే కళ్ళజోడు తియ్యి. నేను చెప్పేస్తాను. నీ పనీ నిలబడుతుంది, నా కుర్చీ నిలబడుతుంది.”

“మూడోదైతే?”

“నువ్వే చెప్పు.”

“దగ్గుతా.”

“దగ్గితే నాకెలా తెలుస్తుంది?”

“ఒళ్ళంతా ఊగేలా దగ్గుతా. సరే, అలాగే చేద్దాం.”

“తప్పంటావనుకున్నాను.”

“తప్పే. కాదనే ఓపిక లేక ఒప్పుకుంటున్నా.”

“అయితే కుళాయి దగ్గరికెళ్ళి ఆ గ్లాసు నింపుకురా తల్లీ. అది ఖాళీగా ఉంటే నాకు కళ్ళకి గంతలు కట్టినట్టుంది.”

“ఇవ్వండి... ఇదిగో, తెచ్చా. మరక మీద పెట్టనా?”

“కాస్త ఇటు. ఇంకాస్త. ఆ, వదిలెయ్. నీళ్ళు కుదురుకోనీ.”

“ఎంతసేపు?”

“చెయ్యి తియ్యి బల్ల మీంచి. ఊపిరి కూడా మెల్లగా... అమ్మాయ్.”

“ఊఁ.”

“నీ కీచురాళ్ళు పాడుతున్నాయా?”

“ఆ, పాడుతున్నాయి.”

“నాలుగూ?”

“నాలుగూ... ఆగండి. ఒకటి. రెండు. ఇది నాలుగోది... బాబాయ్, మూడోది లేదు.”

“నువ్వు ఆపావా?”

“లేదు. నేనేం ముట్టుకోలేదు!”

“మధ్యలో గుంట చూడు. కందిగింజ కాదు, శనగగింజంత. గాలి లాగుతోంది. ఆ గోడ మీద మూడో స్విచ్చి దించు. అది కాదు, పక్కది. దించు! దించావా?”

“దించాను.”

“మిగతా మూడు మోస్తాయిలే కాసేపు. కూర్చో.”

“ఎప్పట్నుంచి ఇలా... తెర మీద ఉంటుంది. రెండుంపావు నుంచి. ఇరవై నిమిషాలు బాబాయ్! ఎర్రగా రాసే ఉంది. తెర చూడక్కర్లేదని వెలుతురు తగ్గించేసింది నేనే.”

“ఇంకో పది నిమిషాలైతే కాలిపోయేది. సగం ఊరికి వారం రోజులు నీళ్ళుండవు.”

“నా చెవులు బాగానే ఉన్నాయి. ఆ కీచురాయి గొంతు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇరవై నిమిషాలు అది లేదు, నాకు తెలీలేదు.”

“మాటల్లో పడితే తెలీదు తల్లీ.”

“చేలో తెలిసింది. నాకే తెలిసింది, ఎన్నోసార్లు. ఒక్కసారిగా ఆగిపోతే గుండె జల్లుమనేది.”

“అక్కడ ఒక్కదానివే ఉన్నావు, కొత్త చోటు, భయం. ఇక్కడ కూర్చునేవాడు భయపడడమ్మా, అలిసిపోయి ఉంటాడు. అలిసిపోయినవాడి దగ్గర చప్పుడు ఆగిపోతే ఉలిక్కిపడడు. హమ్మయ్య అని ఓ కునుకు తీస్తాడు.”

“నన్నెవరూ ఇలా అడగలేదు ఆఫీసులో. కూర్చునేవాడు ఎలా ఉంటాడని.”

“నువ్వూ అలిసిపోయే ఉన్నావుగా, తెలియాల్సింది.”

“ఈ కీచురాళ్ళు ఇక్కడ ఉండకూడదు బాబాయ్. దగ్గులూ వద్దు, కళ్ళజోళ్ళూ వద్దు. పెద్దసారుకి చెప్పేస్తాను.”

“నా సంగతీనా?”

“గ్లాసు సంగతి చెప్పాలంటే... మీ చెవులు రాకుండా ఎలా చెప్పను? మీరే చెప్పండి, ఎలా చెప్పను?”

“గేటు దగ్గర ఎండ జాస్తి.”

“బాబాయ్...”

“మధ్యాహ్నమైతే నీడ అవతలి గోడ మీదికి పోతుంది. రెంచిగాడు స్టూలు జరుపుకుంటూ తిరుగుతుంటాడు.”

“పోనీ నేను...”

“ఉండు. పంపు కాలిపోయి ఉంటే నేనెలాగూ ఈ కుర్చీలో కూర్చోగలిగేవాణ్ణి కాదు. చెప్పెయ్. కాదు, నా చెవుల మాట నేనే చెప్తాను. నువ్వు చెప్తే చాడీలా ఉంటుంది.”

“నిజంగానా?”

“మళ్ళీ అడక్కు, మనసు మారుతుంది.”

“అయితే ఇదిగో.”

“ఏంటది చేతిలో?”

“స్పీకరు వైరు. పీకేశాను. నాలుగూ ఆగిపోయాయి.”

“నాకేం తేడా లేదు.”

“తెలుసు.”

“లేచి నిలబడు. పెద్దసారు మెట్లెక్కుతున్నాడు.”

“అప్పుడే మూడు కాలేదే! మీకెలా తెలుసు?”

“గ్లాసు చూడు. మూడో మెట్టు... నాలుగో మెట్టు. బరువైన మనిషి.”

“ఏంటయ్యా, ఇద్దరూ దొంగల్లా నిలబడ్డారు? కూర్చోండి, కూర్చోండి. అబ్బ, ఈ మెట్లు.”

“పెద్దసార్, పరీక్ష మొదలెట్టే ముందు మీకొక మాట...”

“ఆగమ్మా. పరీక్ష ఎక్కడికీ పోదు. పొద్దుట్నుంచీ మీటింగులు, తల వాచిపోయింది. ముందు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని విననీ... ఆహా! ఎంత బాగా పాడుతున్నాయమ్మా నీ కీచురాళ్ళు! చెవికి చల్లగా ఉంది.”

“సార్...”

“నువ్వాగు తల్లీ, నేను చెప్తాను. ఏరా, కళ్ళు తెరువు. మొహం ఇటు పెట్టి కూర్చో. అదిగో, నీ పాత స్టూలే. గ్లాసు ఎక్కడుందో నీకు తెలుసుగా.”